సూర్యుడి మచ్చలు, సీమ కరువు

అనంతపురంలో గ్లోబల్ వార్మింగ్ మాట ఎత్తితే ముందు వినపడే జవాబు “కరువు మనకు కొత్తేమప్పా?” అని. కళ్యాణదుర్గం వైపు మా బంధువుల ఊళ్ళో ఒక పెద్దాయన ఇంకాస్త సూటిగా అడిగాడు: “మా తాత కాలంలో కార్లు ఉన్న్యాయా, ఫ్యాక్టరీలు ఉన్న్యాయా? మరి అప్పుడెందుకు వాన పడల్యా?” హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న నా స్నేహితులది దీనికి సరిగ్గా ఎదురు వాదన. అనంతపురంలో బోరు ఎండినా, శెనక్కాయ పోయినా, రైతు ఊరొదిలి వలసపోయినా వాళ్ళకు తట్టే కారణం ఒకటే, క్లైమేట్ చేంజ్. ఈ ఇద్దరి మధ్యా నిలబడి చాలాకాలంగా నేను ఆలోచిస్తున్నది వాన గురించి కాదు, ‘కారణం’ అనే మాట గురించి.

పెద్దాయన ప్రశ్న తీసిపారేసేది కాదు. ఇక్కడ సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు పూర్తిగా అందడానికి సముద్రం దూరం. దీంట్లో కార్బన్ డయాక్సైడ్ చేసిందేమీ లేదు. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఒకటుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసగా చెప్తుంది. వానను నమ్ముకుంటే కుదరదని ఆరున్నర శతాబ్దాల కిందటే తెలిసినవాళ్ళు చెక్కించిన రాయి అది.

మరి అప్పుడెందుకు వాన పడల్యా? ఈ ప్రశ్న 1877లో లండన్‌లో కూడా అడిగారు. 1876-78లో మద్రాసు రాజధానిని ఊడ్చేసిన కరువును మనవాళ్ళు ధాత కరువు అంటారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్ళారి నుంచి విడదీశారు. ఆ బళ్ళారి జిల్లా కరువు బాగా కాటేసిన జిల్లాల్లో ఒకటి. మొత్తం మృతులు యాభై లక్షలు దాటారని అంచనా. జనం చస్తుండగానే భారత ప్రభుత్వ గణాంకాల అధికారి విలియం హంటర్, ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ కలిసి 1877లో ‘సూర్యుడి మచ్చలు, కరువులు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశారు. (ఈ లాకియర్ చిన్నవాడేం కాదు. ‘నేచర్’ పత్రిక పెట్టింది ఆయనే, హీలియం జాడ పట్టిన వాళ్ళలోనూ ఒకడు.) పదకొండేళ్ళకోసారి సూర్యుడి మీద మచ్చలు తగ్గినప్పుడు దక్షిణాదిన వాన తగ్గుతుందని వాళ్ళ లెక్క.

అప్పటికి అది చౌకబారు సిద్ధాంతం కాదు. కానీ అది ఎవరికి పనికొచ్చిందో చూడండి. ఇదే కాలంలో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టే మగవాడికి ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం, పైన కాస్త డబ్బు చాలన్నాడు. అది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి మాత్రం ఆగలేదు. కారణం సూర్యుడిలో ఉందంటే కలెక్టరు కచ్చేరీలో వెతకాల్సిన పని ఉండదు కదా!

న్యాయశాస్త్రంలో ‘అన్యథాసిద్ధం’ అని ఒక మాట ఉంది. కుండకు మట్టి కారణం, కుమ్మరి కారణం, సారె తిప్పే కర్ర కారణం. మరి మట్టి మోసుకొచ్చిన గాడిద? కుండకంటే ముందు అదీ అక్కడుంది, నిజమే. కానీ మట్టి బండి మీద వచ్చినా కుండ తయారయ్యేదే. కాబట్టి గాడిద కారణం కాదు. హంటర్ పట్టుకున్నది ఆ గాడిదను. 1877లో పసిఫిక్ సముద్రం విపరీతంగా వేడెక్కి బలమైన ఎల్‌నినో నడిచిందని తర్వాత తేలింది. దాన్ని అర్థం చేసుకోవడానికి దారి వేసింది కూడా ఇక్కడి వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకరే. ఎల్‌నినో వాన లేకుండా చేసింది. అన్నం లేకుండా చేసినవాళ్ళు వేరే.

మరి ఇవాళ్టి కార్బన్ డయాక్సైడ్ కూడా ఇంకో గాడిదేమో? ఈ అనుమానం న్యాయమైనదే, జవాబు కూడా గట్టిగానే ఉంది. 1896లోనే స్వీడన్‌లో అర్హీనియస్ చేత్తో లెక్కలు వేసి, ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని చెప్పాడు. 1958లో కీలింగ్ హవాయిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. పెరిగింది బొగ్గూ చమురూ కాల్చడం వల్లేనని ఎలా తెలుసు? కోట్ల ఏళ్ళు భూమిలో ఉన్న బొగ్గులో కార్బన్-14 మిగలదు. అది కలిసేకొద్దీ గాలిలోని కార్బన్‌లో కార్బన్-14 వాటా పలచబడుతుంది, ఆ పలచబడటాన్ని కొలిచారు. ఇక సూర్యుడి మాట. ఎండ పెరిగి వేడెక్కితే కింది గాలీ పైనున్న స్ట్రాటోస్ఫియరూ రెండూ వేడెక్కాలి. కానీ కింద వేడెక్కుతోంది, పైన చల్లబడుతోంది. ఇలా జరుగుతుందని మనాబె, వెదరాల్డ్ 1967లోనే లెక్కగట్టారు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుణ్ణి కొలుస్తున్నాయి, వేడి పెరిగింది గానీ సూర్యుడి శక్తి పెరగలేదు. ఈ విషయంలో ఇంకా చర్చ ఉందనేవాళ్ళతో కూర్చుని టీ తాగగలను గానీ, ఒప్పుకోలేను.

అయితే భూమి వేడెక్కిందనడం వేరు, ఫలానా ఏడాది కరువు దానివల్లే అనడం వేరు. నా సిటీ స్నేహితులు ఇక్కడ తొందరపడతారు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశం 0.7 డిగ్రీలు వేడెక్కింది, 1951-2015 మధ్య నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గింది. ఆ తగ్గుదలలో పొగ, మసి కణాల పాత్ర పెద్దదని కూడా అంటుంది. ఆ పొగలో మన పొయ్యిలూ, మన థర్మల్ కేంద్రాలూ ఉన్నాయి. వేడి గాలి నేలలోని తేమను ఎక్కువ పీలుస్తుంది, కాబట్టి శెనక్కాయ ఊడలు దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే చేను ఇంకా త్వరగా వాడుతుంది. అలాగని ఒక పంటను చూపించి ‘ఇది పోయింది అమెరికా పొగ వల్లే’ అని ప్రమాణం చేయలేం.

శకుని పాచికలు గుర్తు తెచ్చుకోండి. ఒక్కొక్క పందెం విడిగా తీసుకుంటే, మంచి పాచికలతోనైనా ఆ పందెం పడి ఉండొచ్చు. ‘ఈ పందెంలో మోసం ఎక్కడుందో చూపించు’ అంటే ధర్మరాజు చూపించలేడు. అందుకని శకుని నిర్దోషి అయిపోతాడా? పందెం పందేనికీ సాక్ష్యం అడగడమే అక్కడ అసలు ఎత్తు. 2015లో పారిస్ ఒప్పందం కుదిరినప్పుడు, నష్టం గురించి చెప్పే ఎనిమిదో అధికరణం ఎవరి బాధ్యతకూ, పరిహారానికీ ఆధారం కాదని తీర్మానంలో విడిగా ఒక పేరా రాయించుకున్నారు. గాలిలో ఇప్పటిదాకా చేరిన పారిశ్రామిక కార్బన్‌లో దాదాపు పావు వంతు అమెరికాది. వాళ్ళకు భౌతికశాస్త్రం అర్థం కాలేదని నేననుకోను. ‘కరువు మనకు కొత్తేమప్పా’ అన్న మాట పెద్దాయన నోట వింటే ఓర్పు, అలాంటి బల్ల దగ్గర వింటే అదే డిఫెన్స్ లాయరు వాదన.

ఇక ఇంటి సంగతి. కొర్ర, సజ్జ, జొన్న వేసిన నేలల్లో శెనక్కాయ పరుచుకుని ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లకు చేరింది. అది రైతు పిచ్చితనం కాదు. ధర పిలిచింది, నూనెగింజలు పెంచమని ప్రభుత్వం పిలిచింది. చెరువులు పూడిపోతుంటే బోర్లు లోతుకు పోయాయి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, నీళ్ళు మాత్రం ఇంకా ఇంకా కిందికి. ఇవేవీ వాతావరణం చేసినవి కావు. అందుకే ఒక నాయకుడు వేదికెక్కి ‘వాతావరణ మార్పుల వల్ల’ అని మొదలుపెట్టగానే నాకు హంటర్ గుర్తొస్తాడు. హంటర్ సైన్సు తప్పు, ఈయన సైన్సు ఒప్పు. దాన్ని వాడుకునే తీరు మాత్రం ఒకటే.

రెండు బాకీలూ నిజమే. ఒకటి తీరితే గానీ రెండోది అడగకూడదన్న నియమం ఎక్కడా లేదు.

బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలున్నాయి. ఎడారి ఫొటో కావాలంటే అందరూ అక్కడికే వెళ్తారు. ఆ ఇసుక హగరి నదిది. ఎగువన కర్ణాటకలో 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం, ఇవతల భైరవానితిప్ప ఆనకట్ట, చాలని వాన, చెట్టు లేని గట్టు, ఆషాఢం గాలి. వీటిలో గాడిద ఏదో నాకైతే కనపడలేదు. గాలులు తగ్గాక పొలంలో చేరిన ఇసుకను రైతు తన డబ్బు పెట్టి ట్రాక్టరుతో తోలించుకుంటాడు.