గుడ్డ కప్పిన తెర

మా అత్తయ్యగారు టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తీయనివ్వరు. టీవీ కొని ఏడేళ్ళయింది. కవరు పచ్చబడిపోయి అంకెలు కనబడవు. తన సీరియల్ ఏ బటన్ కింద ఉందో ఆవిడ వేలితో తడుముకుని వెతుక్కుంటారు. "తీసేద్దాం అత్తయ్యా" అంటే, "కొత్తది పాడవుతుందమ్మా" అంటారు. ఏడేళ్ళయినా అది కొత్తదే! నేను నవ్వుకునేదాన్ని. మనలో మన మాట, ఒక్కసారీ మడత విప్పని పట్టుచీరలు నా బీరువాలోనూ రెండున్నాయి.

కిందటి కార్తీకమాసంలో సత్తుపల్లి వెళ్ళొచ్చాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

సత్తుపల్లి చుట్టుపక్కల పల్లెల్లోనే నాన్నగారు పంతులుగా పనిచేశారు. మామిడితోటలు, పామాయిల్ తోటలు, రోడ్డు పొడుగునా బొగ్గు లారీలు. దమ్మపేట వైపు తిరిగితే అడవి అంచు పల్లెలు, కోయవారి ఇళ్ళు. ఆయన చివరగా చేసిన బడికి, ఆయన పేరు మీద నేనూ తమ్ముడూ కలిసి ఒక పెద్ద తెర కొనిచ్చాం. వేలితో తాకితే బొమ్మలు కదిలే రకం. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టి, 26 వేలకు పైగా బడుల్లో విడతలవారీగా చేయవలసిన పనులు పన్నెండు రకాలని లెక్క చెప్పింది. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, కరెంటు, ప్రహరీగోడ... వాటితోపాటు డిజిటల్ సదుపాయమూ ఒకటి. నాకు ఆ చివరిదే కంటికి ఆనింది. మరుగుదొడ్డి మీద నాన్నగారి పేరు రాయించలేం కదా!

రెండేళ్ళ తర్వాత చూడటానికి వెళ్ళాను. తెర ఉంది. దానికి కొలతలు తీసి కుట్టించిన పూలగుడ్డ తొడుగు ఉంది. తొడుగు మీద విజయదశమినాటి కుంకుమబొట్టు, ఎండిన బంతిపూల దండ. గదికి తాళం. తాళంచెవి హెడ్మాస్టరుగారి దగ్గర.

"ఎంత భద్రంగా ఉంచామో చూశారా మేడం?" అన్నారాయన, నిజంగానే సంతోషంగా.

నాకు ఒళ్ళు మండింది. పైకి ఏమీ అనలేదు కానీ, ఆ గదిలో నిలబడితే నాకు ఎనిమిదేళ్ళ వయసు గుర్తొచ్చింది. 1986 విద్యా విధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని ఒకటి వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, పటాలు, గ్లోబు, సైన్సు సామాను ఉండాలన్నది దాని ఉద్దేశం. మా బడికీ గ్లోబు వచ్చింది. బీరువా నెత్తిమీద, పాలిథీన్ సంచిలో. అయిదో తరగతి అయ్యేదాకా కింద నుంచి చూస్తూనే ఉన్నాను. నాకు కనిపించింది దక్షిణ ధ్రువం ఒక్కటే. సంచి విప్పితే ఇనస్పెక్టరుగారు అడుగుతారని భయపడ్డ పంతులు ఎవరో కాదు, మా నాన్నగారే. ఇంట్లో నేను అలిగితే, "పగిలితే నా జీతంలో కోస్తారే" అన్నారు. జీతం ఎంతో నాకు తెలుసు. మళ్ళీ అడగలేదు.

మరి హెడ్మాస్టరుగారి మీద కోపం ఎందుకు? స్టాకు రిజిస్టరులో సంతకం ఆయనది. కరెంటు హెచ్చుతగ్గులకు తెర కాలిపోతే జవాబు చెప్పవలసినది ఆయన. మనం ఒకరి చేతికి వస్తువిచ్చి, అది చెడిపోయే హక్కు మాత్రం ఇవ్వకపోతే వాళ్ళు ఏం చేస్తారు? తాళం వేస్తారు. కొత్త కోడలి చేతికి పింగాణీ కప్పులిచ్చి "జాగ్రత్తమ్మా" అని మూడుసార్లు అన్నామనుకోండి, ఆ పిల్ల స్టీలు గ్లాసులోనే టీ తెస్తుంది. అది అపనమ్మకానికి తగిన తెలివే. దాన్ని పిరికితనం అంటే అన్యాయం.

ఇంకా లోతుకి పోతే, ఇచ్చేముందు నేను ఆయన్ని ఒక్క ముక్క అడిగానా? ఫొటో మాత్రం అడిగాను, పేరు పలక కనబడేలా తీయమని. యునెస్కో వారు 2023లో బడుల్లో సాంకేతికత మీద ఇచ్చిన ప్రపంచ నివేదికకు, ఇదంతా ఎవరి షరతుల మీద అన్న ప్రశ్ననే పేరుగా పెట్టారు. అంత దూరం ఎందుకు? మా పల్లె బడిలో షరతులన్నీ నావే.

సిగ్గు విడిచి అప్పుడడిగాను, "మీకు నిజంగా ఏం కావాలి సార్?" అని. ఆయన కాసేపు మొహమాటపడి, "వైరింగు పాతది మేడం, ఎర్తింగు లేదు. ఒక స్టెబిలైజరు. ఇంకా..." అని ఆగి, "ఇంకో టీచరు. అది మీరివ్వలేరులెండి" అన్నారు. అయిదు తరగతులకి ఇద్దరే ఉన్నారు.

యంత్రాలు వద్దనేదాన్ని కాను. కరోనా ఏడాది, 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చినప్పుడు మా పనమ్మాయి కూతురు మా ఇంట్లోనే నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ తెర లేకపోతే ఆ పిల్లకి ఆ ఏడాది చదువే లేదు. అయితే సందేహం వస్తే మాత్రం వంటింట్లోకి వచ్చి నన్ను అడిగేది.

ఆ రోజు తొడుగు తీయించాం. రెండో తరగతి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. బొమ్మ చూసి మొదటి అక్షరం తాకే ఆట. గ్లాసుతో నీళ్ళ బొమ్మ వచ్చింది. ఒక చిన్నపిల్ల ముందుకొచ్చి 'ఏ' మీద వేలు పెట్టింది. తెర మీద ఎర్రగా ఇంటూ గుర్తు పడింది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

చిన్న మాస్టారు నవ్వుతూ, "దానిది తప్పు కాదు మేడం. కోయమాటలో నీళ్ళని ఏరు అంటారు" అని, నల్లబల్ల మీద రెండు మాటలూ పక్కపక్కన రాశారు. "మీ ఇంట్లో ఇది, పుస్తకంలో ఇది." పిల్ల మొహం విప్పారింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడు కోయ కూడా అందులో ఉంది. ఆ సంగతి నేను కొన్న తెరకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాకే తెలియదు మరి. అక్కడ ఆ మాస్టారు లేకపోతే ఆ పిల్ల తన ఇంటిమాట తప్పని నేర్చుకుని వెళ్ళేది. నా డబ్బుతో, నాన్నగారి పేరు కింద.

హైదరాబాదు తిరిగొచ్చాక హెడ్మాస్టరుగారికి ఉత్తరం రాశాను. తెర పగిలినా, కాలినా నష్టం మాదే, మిమ్మల్ని అడగం అని. వైరింగుకి డబ్బు పంపాను. తమ్ముడు సణిగాడు, "అలా రాసిస్తే ఇంకేం జాగ్రత్తపడతారక్కా?" అని. వాడి మాటలోనూ నిజం లేకపోలేదు. 2024 నుంచి బడి పనులు చూడటానికి మహిళా సంఘాలవాళ్ళతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి కదా, ఆ ఊళ్ళో అక్కలకి కూడా ఒక మాట చెప్పి ఉంచాను.

మొన్న చిన్న మాస్టారు ఫోను చేశారు. ఎవరో పిల్లలు తెర మీద సుద్దముక్కతో రాశారట. గీతలు పడ్డాయట. కిరసనాయిలుతో తుడవచ్చా అని అడిగారు. గుండె గుభేలుమంది, అబద్ధం ఎందుకు. వద్దన్నాను, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి చూడమన్నాను. ఆ పూలగుడ్డ తొడుగుందిగా, దాన్నే చింపి తుడుస్తామన్నారు.

తమ్ముడికి ఇంకా చెప్పలేదు.