నడక నిలుపుకొనుటయు కాయకమే



బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా దర్శించెను. గుడిని నిత్యము ఊడ్చి దీపము పెట్టు మనము, కాళ్లే స్తంభములైన ఈ దేహాలయమును వార్ధక్యము పేరు చెప్పి శిథిలము కానిచ్చుట ధర్మమా?

ముదిమిలో అడుగు తడబడుట సహజమే యందురు. అది సగము సత్యము మాత్రమే. మనిషి తూలక నిలుచుటకు కంటిచూపు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ మెదడునకు వార్త లందించవలెను. తొడల, పిక్కల కండరములు తక్షణమే స్పందించవలెను. వయసుతో ఇవి మందగించును. అయినను కండరము ఏ వయసునందైనను సాధనకు లొంగును.

1990లో వెలువడిన ఒక పరిశోధన దీనికి సాక్ష్యము. అమెరికాలోని బోస్టన్ నగరమున 86 మొదలు 96 ఏండ్ల వయసు గల పదిమంది వృద్ధులకు ఎనిమిది వారములు కాళ్లతో బరువు లెత్తు శిక్షణ నిచ్చిరి. పూర్తి చేసిన తొమ్మిదిమంది కాలిబలము సగటున 174 శాతము పెరిగెను. మడమకు వ్రేలు తాకించుచు నడచు వేగము 48 శాతము హెచ్చెను. అయితే సాధన మానిన నాలుగు వారములకే బలము 32 శాతము తగ్గెను. నిత్యనియమము లేని సాధన నిలువదనుటకు వేరే నిదర్శన మేల?

వందకు పైగా పరిశోధనలను 2019లో కాక్రేన్ సంస్థ సమీక్షించగా, వ్యాయామము చేయు వృద్ధులలో పడిపోవుటలు సుమారు 23 శాతము తగ్గినట్లు తేలెను. అందు సమతూకమును పెంచు అభ్యాసములే ముఖ్యములు. చేతుల ఊత లేక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చొనుట, గోడ ప్రక్కన ఒంటికాలిపై నిలుచుట, గీతపై నడచినట్లు అడుగు వెంట అడుగు వేయుట—వారమునకు మూడు దినములకు తగ్గక చేయవలెను. తల తిరుగుట, గుండె నొప్పి గలవారు ముందుగా వైద్యుని సంప్రదింతురు గాక.

ఒకమారు పడిన పెద్దలు భయముతో కూర్చుండిపోవుదురు. కూర్చున్నకొలది కాళ్లు క్షీణించును. క్షీణించినకొలది మరల పడుదురు. కుమారులారా, కోడండ్రారా! మంచినీళ్లు సహితము మంచము కడకే తెచ్చి యిచ్చుట సేవ యని తలంపకుడు. చేయందించి నాలుగడుగులు నడిపించుటయే నిజమైన దాసోహము. తన కాళ్లపై తాను మఠమునకు వచ్చి, గురుపాదములకు మ్రొక్కి, తిరిగి యిల్లు చేరగలుగుట వృద్ధునకు ఎంతటి భాగ్యమో తలపోయుడు. ఆ భాగ్యమును మన చేతులతో హరింపవలదు.