మిగిలిన పిడికెడు ఎవరిది?

వైశాఖ శుద్ధ తదియ మనకు బసవ జయంతి. ఆ దినమే అక్షయ తృతీయ కూడ. ఆనాడు పట్టణములలో రెండు వరుసలు కానవచ్చును. ఒకటి మఠమున దాసోహపు పంక్తి. రెండవది బంగారపు అంగడి ముందు కొనువారి వరుస. ఆ దినమున కొన్నది అక్షయమగునని పలువురి నమ్మిక. ఈ రెండు వరుసలలోను మనవారే ఉందురు. ఉదయము మొదటిదానిలో నిలిచిన కుటుంబమే సాయంకాలమున రెండవదానిలో నిలుచుటయు కలదు. మా కుటుంబమును ఒకప్పుడు అట్లే నిలిచినది. కావున ఈ వ్యాసమును పరులకు చేయు బోధగా భావింపవలదని శరణ బంధువులకు మనవి.

అనవసరమైన వస్తువులు కొనక, ఉన్నదానితో ఒద్దికగా సంసారము నడుపుట మంచిదని పెద్దలందరును చెప్పుదురు. అయితే నాకొక సందేహము చిరకాలముగా ఉండెడిది. లోభియు కొనడు, శరణుడును కొనడు. ఇద్దరి ఇండ్లలోను సామగ్రి స్వల్పమే. పైకి ఒకే తీరున కనబడు ఈ ఇద్దరికిని భేదమెక్కడ? మితవ్యయము నిజముగా ధర్మమా, లేక పిసినారితనమునకు మనము పెట్టుకొన్న మంచి పేరా?

ఈ సందేహమునకు ఆయ్దక్కి లక్కమ్మ చరిత్రలో సమాధానమున్నది. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో ఉన్న కాలమది. నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలోనున్న బసవకల్యాణమే ఆ నగరము. లక్కమ్మ భర్త మారయ్య. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. కన్నడమున 'అక్కి' యనగా బియ్యము. ఏరిన బియ్యముతో జీవించినవారు గనుక ఆయ్దక్కి దంపతులైరి. ఆ గింజలతోనే వారు జంగమ దాసోహము చేసి, మిగిలిన ప్రసాదమును స్వీకరించెడివారు. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఆ అధికమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఇచట మనము గమనింపవలసినది ఒకటున్నది. పొదుపరియైన గృహిణి యైనచో ఆ బియ్యమును రేపటికి దాచియుండెడిది. అదియు తప్పని లోకము అనదు. లక్కమ్మ దాచలేదు. నేటి కాయకమునకు, నేటి దాసోహమునకు చాలినది తమది; అంతకు మించినది ఆశ వలన చేరినదని ఆమె నిశ్చయము. లోభి తాను మిగిల్చిన దానిని తనదిగా లెక్కించుకొనును. లక్కమ్మ మిగిలినది తనది కాదనెను. ఈ ఇద్దరి ఇండ్లకును గల భేదమిదియే. కొనకపోవుటలో మితవ్యయపు విలువ తెలియదు. కొనక మిగిలినది ఎటు పోవునో చూచిననే తెలియును.

ఈ విషయము నాకు గ్రంథముల వలన గాక మా వంటయింటి వలన బోధపడినది. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుట మా యింట మా అత్తగారి నాటినుండి వచ్చుచున్న ఆచారము. ఏటేట బసవ జయంతికి ఆ బియ్యమును మఠపు దాసోహమునకు సమర్పింతుము. కొన్ని సంవత్సరముల క్రిందట బంధువుల యింట పెద్ద టెలివిజనును చూచి, మా యింటనున్న చిన్నది నాకు నామోషీగా తోచినది. అది చక్కగా పనిచేయుచునే యుండెను. అయినను వాయిదాల పద్ధతిన పెద్దది కొంటిని. నా భార్యను అడుగలేదు. తెచ్చిన పిమ్మట చూపితిని.

ఆ యేడు బసవ జయంతి ముందునాడు బియ్యపు కుండ దింపగా అడుగున రెండు దోసిళ్లకు మించి లేవు. కారణమడిగితిని. ఆమె కొంతసేపు మాటాడక, "ఏమండీ, వాయిదా కట్టగా మిగిలిన జీతం నెలాఖరుదాకా రావడం లేదు. నాలుగు నెలలుగా ఈ బియ్యమే మళ్లీ మన ఎసట్లో పోస్తున్నాను. మీరు బాధపడతారని చెప్పలేదు" అనెను. నేను తరగతిలో బాలురకు దాసోహమను మాటకు అర్థము చెప్పువాడను. నా యింటి దాసోహపు కుండను నేనే ఖాళీ చేసితినని ఆనాడు తెలిసినది. ఆ వస్తువు వెల అంగడివాని చీటీలో ఉన్నంతయే అని తలచితిని. అందులో వ్రాయని వెలను మఠమున భుజింపవలసిన ఎవరో చెల్లించిరి.

ఇందు మరియొక పాఠమును ఉన్నది. మనము సభలలో మితవ్యయమును గూర్చి స్త్రీలకే ఉపదేశింతుము. ఉప్పు, పప్పు, చింతపండు లెక్కలు వారివి. గొప్పకై చేయు వ్యయములు తరచుగా మనవి. పాతచీరలను బొంతలుగా కుట్టి, బియ్యము కడిగిన నీటిని మొక్కలకు పోసి ఆమె నెలనెల మిగిల్చిన దానిని మనమొక్క సాయంకాలమున వెచ్చింతుము. లక్కమ్మ చరిత్రలో ఇల్లాలు హద్దు చెప్పెను, భర్త తలవంచి ఆచరించెను. ఇల్లాలి మాటకు విలువలేని యింట మితవ్యయము ఆమెకు భారమగునే గాని ఇరువురకును వ్రతము కాజాలదు.

అందరును కొనుట మానినచో చేతిపనుల వారు బ్రతుకుటెట్లని కొందరడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. శరణులలో జేడర దాసిమయ్య నేతపనివాడు, కుంబార గుండయ్య కుమ్మరి. వారి కాయకమును గౌరవించు ధర్మమున వస్తువే కొనరాదను నియమముండదు. కుండ అవసరమైనపుడు కుమ్మరికి తగిన వెల నిచ్చి కొనుట కాయకమును మన్నించుట. అతనితో రూపాయికి గీచి గీచి బేరమాడి, ఆ సాయంకాలమే అక్కరలేని వస్తువునకు వేలు పోయుట మితవ్యయము కానేరదు. అట్లే పిల్లల చదువు, వృద్ధుల ఔషధములు, కడుపునిండ భోజనము, వీనిలో కోత విధించి పొదుపని పేరు పెట్టుటయు లోభమే.

నేడు అంగడికి పోనక్కరయు లేదు. ఫోనుపై వ్రేలు మోపినంతనే వస్తువు వాకిటికి వచ్చుచున్నది. ఆలోచించుటకు వెనుకటి తరమువారికి అంగడిదాక నడచునంత వ్యవధియైనను ఉండెడిది. ఆ వ్యవధిని మనమే కల్పించుకొనవలెను. మనకు అందుకు తగిన సాధనము ఉండనే ఉన్నది. ఏది అనుభవించినను ముందు లింగమునకు అర్పించి ప్రసాదముగా స్వీకరింపవలెనను నియమము మనది. కొనబోవు వస్తువును గూర్చి ఒక్క రాత్రి ఆగి, మరునాడు కరస్థలమున లింగముంచి పూజించు వేళ, దీనిని అర్పించి స్వీకరింపగలనా యని అడిగికొందము. నా పెద్ద టెలివిజనును గూర్చి అట్లు అడిగియుండినచో నాకు సమాధానము దొరికియుండెడిది.

వాయిదాలు తీరిన నెలనుండి మా యింట పిడికెడు మరల కుండలో పడుచున్నది. నష్టమైన నెలల లెక్క తీరువరకు నా భార్య పూటకు రెండు పిడికిళ్లు తీసెను. రెండవది నాదని చెప్పి నా చేతనే తీయించెను. ఇప్పటికిని ఆ పని నాదే.

శరణు శరణార్థులు.