మాట ఇచ్చాక ధర తగ్గితే

2023 అక్టోబర్ 18న సింగపూర్‌లో పెద్ద కార్ల సీఓఈ 1,50,001 డాలర్లకు చేరింది. సరిగ్గా మూడు వారాలకు, నవంబర్ 8న, అదే సీఓఈ 1,10,001 డాలర్లకు దిగింది. ఈలోగా, రాబోయే సంవత్సరాల్లో విడుదల కావలసిన కోటాలో కొంత ప్రభుత్వం ముందుకు తెచ్చింది. ఆ ఊళ్లో కారు ధర ఒకటే కడితే సరిపోదు. దాన్ని పదేళ్లపాటు రోడ్డు మీద తిప్పుకునే హక్కును కూడా వేలంలో కొనుక్కోవాలి. ఆ హక్కు పత్రమే సీఓఈ. 1990లో మొదలైంది, ఇప్పుడు నెలకు రెండుసార్లు వేలం వేస్తారు. 2008 నవంబరులో చిన్న కార్ల సీఓఈ రెండే రెండు డాలర్లకు పడిపోయిన రోజు కూడా ఉంది. కొత్త సీఓఈ ఎటు ఊగితే పాత కార్ల బేరాలూ అటే ఊగుతాయి. అందుకే ఆ మూడు వారాల మధ్య పాత కారుకు బేరం కుదుర్చుకున్న వాళ్ల మాట మీద 40,000 డాలర్ల బరువు వచ్చి పడింది.

కింది సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పితం, వాళ్లు చెప్పుకునే కారు బేరమూ కల్పితమే. వేలం లెక్కలు, చట్టం నిజం. మామయ్య విజయవాడలో న్యాయశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మేనకోడలికి డిసెంబరులో హైదరాబాద్ బదిలీ. చోటు సింగపూర్‌లోని పుంగోల్‌లో ఆమె ఫ్లాట్. దీపావళి ఆదివారం రావడంతో మర్నాడు, నవంబర్ 13 సోమవారం, సెలవు.

మేనకోడలు: ఇదీ మామయ్యా, నా కారు కొంటానన్నతని ఆఖరి మెసేజ్. "సారీ అక్కా, ఇంట్లో ఒప్పుకోవట్లేదు." అంతే. నాలుగు రోజులైంది. ఫోన్ ఎత్తడు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు.

మామయ్య: బేరం ఎంతకి కుదిరింది?

మేనకోడలు: 88,000కి. ఆన్‌లైన్‌లో పెట్టిన యాడ్ చూసి వచ్చాడు. అక్టోబర్ 22న నడిపి చూశాడు. మర్నాడు ఇన్‌స్పెక్షన్ చేయించుకున్నాడు. రిపోర్టు చూసుకుని "ఫిక్స్ అక్కా" అని తనే రాశాడు, వెయ్యి డాలర్లు అడ్వాన్సుగా పేనౌలో వేశాడు. లోన్ రావాలి, పైగా 28న గ్రహణం, అది వెళ్లాక పేరు మార్పించుకుంటానన్నాడు. తెలుగువాడే కదా అని సరేనన్నాను. తర్వాత ఇద్దరు అడిగితే అమ్ముడైపోయిందని చెప్పేశాను.

మామయ్య: లోన్ రాలేదేమో.

మేనకోడలు: వచ్చింది. బ్యాంకు లెటర్ ఫొటో మూడో తారీఖున పంపాడు. ఎనిమిదిన వేలం ఫలితం. తొమ్మిదిన ఇంట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడు అడిగేవాళ్లెవరూ 82 దాటడం లేదు.

మామయ్య: నీ కోపం ఆరు వేలు పోయినందుకా, మాట తప్పినందుకా?

మేనకోడలు: రెండూ ఒకటే కదా.

మామయ్య: కాదమ్మాయ్. ఆరు వేల సంగతి చట్టం చూసుకుంటుంది. ఇంగ్లండు వాళ్ల 1979 నాటి సరుకుల అమ్మకం చట్టాన్నే సింగపూర్ 1993లో ఒక చట్టం చేసి తనదిగా ఉంచుకుంది. అందులో 50వ సెక్షన్ నీ గురించే. కొంటానని ఒప్పుకున్నవాడు తీసుకోకపోతే, ఒప్పుకున్న ధరకీ ఆ రోజు బజారు ధరకీ ఉన్న తేడా మామూలుగా నీ నష్టం. మన 1930 చట్టంలో ఇదే సంగతి 56వ సెక్షన్‌లో ఉంటుంది. ఏళ్ల తరబడి చెప్పిన పాఠం.

మేనకోడలు: కానీ కాగితం రాసుకోలేదు.

మామయ్య: కారు అమ్మకానికి సంతకాల కాగితం ఉండి తీరాలని లేదు. ధర కుదిరింది, వస్తువు ఏదో తెలుసు, అడ్వాన్సు చేతులు మారింది, "ఫిక్స్" అని రాశాడు. ఇన్‌స్పెక్షన్ బాగుంటేనే అన్న షరతు ఉంటే అదీ తీరిపోయింది. రవాణా సంస్థ ఎల్‌టీఏ వెబ్‌సైట్‌లో నువ్వు సింగ్‌పాస్‌తో లాగిన్ అయి బదిలీ మొదలుపెట్టడం, అవతలివాడు ఒప్పుకోవడం, ఇదంతా పేరు మార్పు. ఒప్పందం అంతకు ముందే పుట్టింది. కాగితం ఉంటే రుజువు సులువయ్యేది, అంతే.

మేనకోడలు: అయితే అతను ఆ తేడా కట్టేస్తే చేతులు దులుపుకోవచ్చన్నమాట. అప్పుడు మాట తప్పడం తప్పెందుకవుతుంది? దానికీ ఒక రేటుందంతే.

మామయ్య: అలాగే అన్న పెద్దాయన ఉన్నాడు. అమెరికా న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్. ఒప్పందాన్ని నిలబెట్టుకోవడమనే బాధ్యతకు చట్టం దృష్టిలో అర్థం ఒక్కటే, నిలబెట్టుకోకపోతే పరిహారం కట్టాల్సి వస్తుందన్న అంచనా, అని 1897లో ఒక ప్రసంగంలో తేల్చాడు. చట్టానికి అది చాలు. నీకు చాలదు కనకే నాలుగు రోజులుగా ఆ టిక్కులు చూస్తూ కూర్చున్నావు.

మేనకోడలు: అతని వైపు నుంచి ఆలోచిస్తే? భాగవతంలో శుక్రాచార్యుడే బలితో అంటాడు కదా, ధనం పోయేటప్పుడు మాట తప్పినా దోషం లేదని. నలభై వేలు దిగిన సీఓఈని చూసి కూడా పాత ధర కట్టే మనిషి ఎవరుంటారు?

మామయ్య: ఆ మాట విన్న బలి ఏం చేశాడు? పోయేది ఏమిటో తెలిసే ఇచ్చాడు.

ఇక్కడ నేను మామయ్య పక్షం, కానీ ఆయన చెప్పిన కారణంతో కాదు. కారు కొనే మనిషిని బలి చక్రవర్తితో తూచడం న్యాయం కాదు. సర్వస్వం పోగొట్టుకొమ్మని ఎవరూ అతన్ని అడగడం లేదు. శుక్రుడు చెప్పింది మనిషి నిలువునా మునిగిపోయే ఘట్టంలో. ఈ కుర్రవాడు మునగడం లేదు, చవగ్గా దొరికేదాన్ని వదులుకోలేకపోతున్నాడు. ప్రాణసంకటంలో మినహాయింపు కోసం చెప్పిన వాదాన్ని లాభనష్టాల లెక్కలోకి లాక్కొస్తే ఇక ఏ మాటా నిలవదు. ఎందుకంటే ధర ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. అసలు మాట పుచ్చుకునేదే అందుకు. రేపు కూడా ఇదే ధర ఉంటుందని తెలిస్తే రేపే వచ్చి కొనుక్కోవచ్చు, ఇవాళ "ఫిక్స్" అనక్కర్లేదు. ధర పెరిగితే నిలబడి తగ్గితే తప్పుకునేవాడు ఆమె కారును రెండు వారాలపాటు తన కోసం పట్టి ఉంచాడు. ఆ పట్టి ఉంచడానికి విడిగా వెల ఏమీ ఇవ్వలేదు.

మేనకోడలు: మీరు చెబుతుంటే నా కోపం సరైనదేననిపిస్తోంది.

మామయ్య: తొందరపడకు. ఎనిమిదో తారీఖున సీఓఈ 1,80,000 అయ్యుంటే? ఎవరో వచ్చి 95,000 ఇస్తామంటే?

మేనకోడలు: (కాసేపు ఆగి) ఇంకొంచెం వెయ్యమని అతన్ని అడిగేదాన్నేమో.

మామయ్య: అడ్వాన్సు పుచ్చుకున్నాక?

మేనకోడలు: అడ్వాన్సు తిరిగి పంపేస్తాననేదాన్ని. మీతో అబద్ధమెందుకు.

మామయ్య: చాలామంది అంతే. క్రీస్తు శకం 533లో జస్టీనియన్ చక్రవర్తి వేయించిన న్యాయ పాఠ్యగ్రంథంలో ఈ అడ్వాన్సుకు ఒక సూత్రం ఉంది. కొనేవాడు తప్పుకుంటే ఇచ్చింది పోతుంది. అమ్మేవాడు తప్పుకుంటే పుచ్చుకున్నదానికి రెండింతలు తిరిగివ్వాలి. తక్కెడ రెండు వైపులా సమానం. మనం రాసుకునే రసీదుల్లో మొదటి సగమే ఉంటుంది, అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు అని. రెండో సగం ఎవరూ రాయరు.

మేనకోడలు: అయితే ఒకసారి అన్నాక ఎలాంటి పరిస్థితిలోనూ వెనక్కి తగ్గకూడదా?

మామయ్య: అలా అనను. ఈ ఊళ్లోనే 2003 జనవరిలో ఒక వెబ్‌సైట్‌లో 3,854 డాలర్ల లేజర్ ప్రింటరు పొరపాటున 66 డాలర్లకు కనబడింది. అర్ధరాత్రి ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లకు ఆర్డరు పెట్టారు. కంప్యూటర్ దానంతటదే "ఆర్డర్ ఖాయం" అని జవాబిచ్చింది. కంపెనీ ఇవ్వనంది, వాళ్లు కోర్టుకెళ్లారు. 2004లో హైకోర్టులో ఓడారు, 2005లో అప్పీలులోనూ ఓడారు. ఆన్‌లైన్‌లో జరిగింది కాబట్టి ఒప్పందం కాదని కోర్టు అనలేదు. అది పొరపాటు ధర అని తెలిసే ఎగబడ్డారు, అలాంటి మాట పట్టుకుని వేలాడడానికి లేదు అంది. నువ్వు 88,000 అనబోయి 8,800 అని టైపు చేసుంటే, అతను కిమ్మనకుండా డబ్బు వేసేసుంటే, నేను నీ వైపే ఉండేవాణ్ణి.

మేనకోడలు: సీఓఈ ఒక్కసారిగా పడిపోవడం కూడా ఎవరూ అనుకోనిదే కదా?

మామయ్య: ఎంత పడుతుందో తెలియకపోవచ్చు. నెలకు రెండుసార్లు మారుతుందని ఇక్కడ టాక్సీ ఎక్కిన వాడికి కూడా తెలుసు. తెలిసిన ప్రమాదాన్ని పొరపాటు అనకూడదు. లోన్ రాకపోతే వేరు. అప్పుడతను కొనలేడు. ఇప్పుడు కొనగలడు, కొనడు.

మేనకోడలు: నిజంగానే ఇంట్లో ఒప్పుకోకపోతే?

మామయ్య: అయ్యుండొచ్చు. అప్పుడు నీకు కోపం తగ్గుతుంది. ఆరు వేలు తగ్గవు.

మేనకోడలు: మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అతని నంబరు, చాట్ మొత్తం పెట్టేద్దామనుకున్నాను. ఇంకొకరు మోసపోకుండా.

మామయ్య: మా చిన్నప్పుడు పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవారు. ధర మూడోవాడికి తెలిసేది కాదు, మాట తప్పితే మాత్రం సంతంతా తెలిసేది. వచ్చే వారం వాడికి ఎద్దునిచ్చేవాడుండడు. ఆ సంత ఇప్పుడు లేదు కనక ఆ గ్రూపును సంత చేద్దామనుకుంటున్నావు. కానీ సంతలో వాడు ఎదురుగా ఉండేవాడు, తన మాట తను చెప్పుకునేవాడు. ఇక్కడ అతని నంబరు మూడు వందల మంది ఫోన్లలోకి వెళ్తుంది, అతని జవాబు వెళ్లదు. పైగా వేధించే ఉద్దేశంతో ఒకరి వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం 2020 జనవరి నుంచి ఇక్కడ నేరం. చట్టం లేకపోయినా వద్దనేవాణ్ణి.

మేనకోడలు: మరి నోరు మూసుకుని 82కి అమ్మేయనా?

మామయ్య: ఇప్పుడే అమ్మకు, ముందు చెప్పి అమ్ము. "ఇంట్లో ఒప్పుకోవట్లేదు" అంటే వద్దన్నట్టా, ఆగమన్నట్టా? అతను చేసిన అసలు అన్యాయం నాకు అక్కడ కనబడుతోంది. తప్పుకుంటున్నానని తొమ్మిదినే తెగేసి చెప్పుంటే ఆ సాయంత్రమే నువ్వు వదులుకున్న ఇద్దరికీ ఫోన్ చేసేదానివి. చెప్పకపోవడంతో కారూ అమ్మలేవు, అతనికీ ఇవ్వలేవు. ఆ సరుకుల అమ్మకం చట్టంలోనే 48వ సెక్షన్ దీనికి దారి చూపిస్తుంది. మళ్లీ అమ్ముతున్నానని కొనేవాడికి తెలియజేసి, తగినంత గడువిచ్చి, అప్పటికీ డబ్బు కట్టకపోతే ఇంకొకరికి అమ్ముకోవచ్చు, నష్టమూ అడగవచ్చు.

మేనకోడలు: (ఫోన్ తీసుకుని) "ఈ నెల 20లోగా మిగతా 87,000 కట్టి కారు తీసుకోండి. లేకపోతే వేరేవాళ్లకు అమ్ముతాను. తక్కువ ధరకు పోతే ఆ తేడాలో మీ వెయ్యి మినహాయించి మిగతాది అడుగుతాను." సరేనా?

మామయ్య: ఇంకో వాక్యం రాయి. 88,000కే అమ్ముడైతే?

మేనకోడలు: అప్పుడు కూడా వెయ్యి ఉంచుకోవచ్చు కదా? అడ్వాన్సు కదా?

మామయ్య: ఉంచుకోవచ్చు. ఇంత ధరకు వెయ్యి సబబైన అడ్వాన్సే, కోర్టు కాదనదనుకుంటాను. కానీ నువ్వు నన్ను చట్టం గురించే అడిగావా?

మేనకోడలు: "నష్టం లేకుండా అమ్ముడైతే మళ్లీ యాడ్ వేసిన ఖర్చు మినహాయించుకుని మిగతాది పంపేస్తాను. ఇంట్లో నిజంగా ఇబ్బంది ఉంటే ఫోన్ చేసి చెప్పండి." ... 82కే పోతే? ఐదు వేల కోసం మనవాణ్ణి కోర్టుకీడ్చాలా?

మామయ్య: స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి. ఐదు వేల దాకా మామూలు మనిషికి ఫీజు పది డాలర్లు. ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. 20,000 వరకు వింటారు, రెండేళ్ల గడువుంది. మా బోటి లాయర్లను లోపలికి రానివ్వరు, నీ మాట నువ్వే చెప్పుకోవాలి. మనవాడని కాగితం లేకుండా నమ్మావు, అది మంచితనం. మనవాడని నష్టం కూడా నువ్వే మోస్తే, రేపు ఇంకో మనవాడు నీ దగ్గర కారు కొనడానికొస్తే నమ్మగలవా?

మేనకోడలు: నమ్మను. మొన్న 82 అన్న ఆవిడ కూడా తెలుగావిడే. నెల్లూరు. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మామయ్య: ఇతని పాపం ఆవిడకెందుకు?

మేనకోడలు: ఈ నెలలో ఇంకో వేలం ఉంది మామయ్యా. సీఓఈ మళ్లీ పెరిగితే 84 రావొచ్చు. ఎలాగూ 20 దాకా ఆగాలి, ఇంకో రెండు రోజులు ఆగితే పోలా?

మామయ్య: ఆగు. అమ్మేదానివి, నీ ఇష్టం. ఆవిడకు మాత్రం ఆగుతున్నానని చెప్పు.

మేనకోడలు: చెబుతాను. బేరం కుదిరితే ఈసారి కాగితం రాద్దాం, మీరే రాయండి. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఆవిడ తప్పుకుంటే వెయ్యి పోతుంది.

మామయ్య: ఆ తర్వాత?

మేనకోడలు: నేను తప్పుకుంటే రెండు వేలిస్తాను. అదీ రాయండి.