ఓవర్‌సైజా, స్లీవా: పాత కారు ఇంజిన్‌లో జీర్ణోద్ధరణ ప్రశ్న

పాత కారు ఇంజిన్ బోరుకొచ్చినప్పుడు ఖర్చుతో పాటు ఇంకో ప్రశ్న కూడా ఎదురవుతుంది. అరిగిన భాగాలు తీసేసి కొత్తవి వేశాక మిగిలేది ఆ కారేనా, వేరే కారా? డబ్బుకు లోటు లేనివారు ఈ ప్రశ్న జోలికి పోకుండానే పని కానిచ్చేయవచ్చు. అన్నీ మార్చేసి పాత పేరుతోనే పిలుచుకుంటారు. చేతిలో ఉన్నది కొంతే అయితే మాత్రం ప్రతి భాగం దగ్గరా ఆగి, ఇది ఉండాలా పోవాలా అని తేల్చుకోక తప్పదు. అందువల్లే తక్కువ డబ్బుతో చేసే ఇంజిన్ పని తత్త్వవిచారం వైపు నడిపిస్తుంది.

ఈ విచారానికి సూళ్లూరుపేట తగిన చోటు. చెన్నైకి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, కాళంగి నది పక్కన, పాత జీఎన్‌టీ రోడ్డు మీద ఉన్న ఊరు ఇది. శ్రీహరికోటకు దారి ఇక్కడి నుంచే చీలుతుంది. అక్కడి నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ల ఇంజిన్లు ఒకే ప్రయోగంలో, కొన్ని నిమిషాల పాటు పనిచేయడానికే పుట్టాయి. వాటికి మరమ్మతు అన్న మాటే లేదు. అదే రోడ్డు మీద తిరిగే పాత అంబాసిడర్ ఇంజిన్‌ను మాత్రం రెండు మూడు తరాల చేతులు విప్పి బిగించి ఉంటాయి. ఈ రెండు రకాల యంత్రాలకూ దేవత ఒక్కరే. ప్రయోగాలకు ముందు ఇస్రో అధిపతులు ఈ ఊరి చెంగాళమ్మను దర్శించుకోవడం ఆనవాయితీ. 2023 జులైలో చంద్రయాన్-3కి ముందు అప్పటి అధిపతి ఎస్. సోమనాథ్ వచ్చి మొక్కుకున్నారు. ఆయుధపూజ నాడు కారు బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టే యజమానికి ఆ యంత్రం ఉత్త ఇనుము కాదు. అందుకే దాన్ని మార్చడం ఎంతవరకు తగునన్నది అతనికి ధర్మసందేహమే అవుతుంది.

ఆగమశాస్త్రాలు ఈ సందేహాన్ని ఆలయాల విషయంలో ఎప్పుడో ఎదుర్కొన్నాయి. శిథిలమైనదాన్ని తిరిగి నిలబెట్టడాన్ని అవి జీర్ణోద్ధరణ అన్నాయి. తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం జరుగుతుంది. 2018 ఆగస్టులోనూ జరిగింది. మూలమూర్తి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి పూజలు కొనసాగిస్తారు. విగ్రహాన్ని పీఠానికి పట్టి ఉంచే అష్టబంధనాన్ని ఈలోగా సరిచేస్తారు. బంధనం కొత్తదవుతుంది, ఆరాధన మాత్రం ఒక్కపూట కూడా తెగదు. శ్రీకాళహస్తిలో పరిస్థితి ఇంకా కఠినమైనది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. ఆ చోటే కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం చేశారు. రాళ్లు వేరు, కట్టిన చేతులు వేరు. అయినా దాని కింద నుంచి లోపలికి వెళ్లే భక్తుడికి అది కాళహస్తి గోపురమే.

దర్శనకారులు ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వైశేషికుల లెక్కలో బట్టలోంచి ఒక్క పోగు తీసినా పాత బట్ట నశించినట్టే, ఇక ఉన్నది కొత్త బట్ట. ఆవంలో కాలే కుండ గురించి కూడా వాళ్లకూ నైయాయికులకూ వాదం నడిచింది. కుండ పరమాణువులుగా విడిపోయి, ఎర్రబడి, మళ్లీ కుండగా కూడుతుందని వైశేషికుల పీలుపాకవాదం. కుండ కుండగానే ఉండి రంగు మారుతుందని నైయాయికుల పిఠరపాకవాదం. 17వ శతాబ్ది తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో ఈ రెండింటినీ వివరించాడు. ఆవంలోంచి తీసినప్పుడు ‘ఇది ఆ కుండే’ అని గుర్తుపడతాం కదా అన్నది నైయాయికుల బలం. గుర్తుపట్టినంత మాత్రాన అదే వస్తువు కానక్కర్లేదని, దీపశిఖ క్షణక్షణం మారుతున్నా ఒకటిగానే కనిపిస్తుందని బౌద్ధుల జవాబు. మిళింద రాజుతో భిక్షువు నాగసేనుడు రథం గురించి జరిపిన సంభాషణ ఈ దారిదే. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, అన్నీ కూడినచోట వాడుక కోసం పెట్టుకున్న పేరు రథం.

ఇంజిన్ దించక ముందే ఈ వాదాలు పనికొస్తాయి. ఏది జీర్ణమైందో తెలియకుండా ఉద్ధరణ మొదలుపెట్టకూడదు. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయని అనుమానించాలి. ఒక్కో సిలిండర్‌కు కంప్రెషన్ చూసి రాసుకోవాలి. తక్కువ చూపించిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే తప్పు రింగులదో బోరుదో, పెరగకపోతే వాల్వులదో అయ్యే అవకాశం ఎక్కువ. హెడ్ పనితో సరిపోయే చోట మొత్తం ఇంజిన్ దించడం డబ్బు దండగ. అసలైన భాగాల మీద అనవసరంగా చెయ్యి వేయడం కూడా.

అసలు చిక్కు బోరు దగ్గర వస్తుంది. హెడ్ ఊడదీసి సిలిండర్ పై అంచు లోపల వేలు తిప్పితే ఒకచోట గోరుకు చిన్న మెట్టు తగులుతుంది. రింగులు అంతవరకు రావు కాబట్టి ఆ మెట్టుకు పైన ఉన్న లోహం దాదాపు ఫ్యాక్టరీ కొలతలోనే ఉంటుంది. దాని కింద ఉన్నదంతా కారు నడిచిన దూరం. అంబాసిడర్‌లో ఎక్కువకాలం వాడిన బీఎంసీ బి-సిరీస్ పెట్రోల్ ఇంజిన్‌లో బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ., నాలుగు సిలిండర్లు కలిపి 1489 సీసీ. అరిగిన బోరును సమానం చేయడానికి లేత్ షెడ్డులో ఇరవై థౌ, అంటే అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు వెడల్పు చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే అది సుమారు 1510 సీసీ అవుతుంది. నలభై థౌకి పోతే 1531. ఆ పైన లోహం పలచబడుతుంది కాబట్టి సిలిండర్‌లో స్లీవ్ అనే లోహపు గొట్టం దిగేసి, మళ్లీ 73.025కి తెచ్చి, స్టాండర్డ్ పిస్టన్లు వేస్తారు.

ఇందులో ఏది అసలుకు దగ్గర? ఓవర్‌సైజులో గోడ ఆ బ్లాక్ సొంత లోహం, కొలత మాత్రం వేరు. స్లీవ్ వేస్తే కొలత ఫ్యాక్టరీదే, పిస్టన్ ఆడే గోడ పరాయి లోహం. పదార్థమే వస్తువు అనేవారు ఓవర్‌సైజును, ఆకృతే వస్తువు అనేవారు స్లీవ్‌ను ఎంచుకుంటారు. జీర్ణోద్ధరణ దృష్టితో చూస్తే ఇంకో కొలమానం దొరుకుతుంది. ఈసారి చేసే పని తర్వాతి మరమ్మతుకు చోటు మిగల్చాలి. పది థౌతో శుభ్రపడే బోరును పిస్టన్లు దొరికాయి కదా అని నలభైకి తీయడం రాబోయే చేతుల వాటా ముందే తినేయడం. పది థౌ పిస్టన్ల కోసం మెము రైలెక్కి చెన్నై పుదుపేట దుకాణాలన్నీ తిరగాల్సి వచ్చినా సరే, ఆ తిరుగుడు ఖర్చులో భాగమే. బోరు కొలిచి, పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాక్‌ను లేత్‌కు ఇవ్వాలి. ఇది తలకిందులైతే డబ్బూ పోతుంది, లోహమూ పోతుంది.

టాపెట్ల దగ్గర మరో తత్త్వం ఉంది. అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి, అంకెలు వేసి, తీసిన వరుసలోనే టాపెట్లను అందులో గుచ్చి పెట్టుకోవాలి. ప్రతి టాపెట్ తన క్యామ్ లోబ్‌తోనే ఏళ్ల తరబడి రాసుకుని ఒక అరుగుదలకు వచ్చి ఉంటుంది. పాతవే తిరిగి వాడుతూ ఒకదాని చోట ఇంకొకటి పెడితే రెండూ పాడవుతాయి. మెయిన్ బేరింగ్ క్యాపులు కూడా బ్లాక్‌తో కలిపి బోరు చేసినవి కాబట్టి ఏది ఎక్కడిదో అక్కడికే, ఏ వైపుదో ఆ వైపుకే చేరాలి. విడదీస్తే పోయేదాన్ని సంయోగమనీ, విడదీయరానిదాన్ని సమవాయమనీ తార్కికులు అంటారు. బోల్టుతో పట్టి ఉన్నది సంయోగమే, కానీ కలిసి అరిగిన రెండు భాగాల మధ్య ఉన్నదాన్ని ఆ మాటతో సరిపెట్టడం కష్టం.

డబ్బు తక్కువైనప్పుడు ఖర్చు లోపల్నుంచి బయటికి రావాలి. మొదట బోరు, క్రాంకు గ్రైండింగు, బేరింగులు, ఆయిల్ పంపు, ఆ తర్వాత హెడ్, వాల్వ్ గైడ్లు. క్రోమియం మెరుపులూ రంగులూ ఏడాది ఆగినా ఏమీ కాదు. విప్పాక బయటపడే పనుల కోసం మొత్తంలో కనీసం నాలుగో వంతు పక్కన పెట్టుకోవడం మంచిది. పనిని విడతలుగా చేసుకోవచ్చు, అయితే పులికాట్ ఉప్పుగాలి వచ్చే ఊళ్లో బోరు చేసిన బ్లాక్‌కు ఆయిల్ పట్టించకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే తుప్పు రేఖలు కనిపిస్తాయి.

ఇంజిన్‌నే మార్చేయాలన్న ఆలోచన చౌకగా కనిపించవచ్చు. అప్పుడు ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మారుతుంది, ఆ మార్పును రవాణా శాఖ దగ్గర నమోదు చేయించాలి. వింటేజ్ వాహనాలకు 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనం ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉండాలి. నాగసేనుడు వాడుక పేరన్నదాన్ని చట్టం ఛాసిస్, ఇంజిన్ అనే రెండు నంబర్లుగా రాసుకుంది. బోరు 1510కి పెరిగినా బ్లాక్ మీది నంబరు అదే కాబట్టి, ఓవర్‌సైజు చేసిన ఇంజిన్ కాగితాల్లో పాత ఇంజిన్‌గానే నిలుస్తుంది.

బిగించాక తొలి వారాలు ఓపికతో నడపాలి. హోనింగ్ గీతల మీద రింగులు కుదురుకునేదాకా బరువు వేయకుండా, ఒకే వేగంతో లాగకుండా, తడ దాకా, నాయుడుపేట దాకా పోయి వస్తూ ఉండాలి. ఐదు వందల కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, హెడ్ బోల్టుల బిగువు, టాపెట్ సందులు మళ్లీ చూడాలి. ఆ తీసిన ఆయిల్‌ను ఎండలో తెల్ల పళ్లెంలో పోస్తే సన్నని వెండి మెరుపు కనిపిస్తుంది. అది కొత్త రింగులదీ పాత బ్లాక్‌దీ కలిసి అరిగిన లోహం.