ఊపిరాడని అందం

2018 జూన్ 26న ఒమన్ తీరంలోని ఖురియాత్ పట్టణంలో రాత్రీ పగలూ కలిపి ఇరవైనాలుగు గంటలపాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు. అంతటి వేడి రాత్రి అప్పటికి ప్రపంచంలో ఎక్కడా నమోదు కాలేదు. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించడం నిషేధం. మస్కట్‌లోనో సోహార్‌లోనో కట్టడాల మీద పనిచేసే తెలుగువాళ్లకు ఈ నిబంధన విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. శరీరానికి ఓ హద్దు ఉందనీ, కూలి ఇస్తున్నామన్న సాకుతో ఆ హద్దు దాటించడం అన్యాయమనీ ఆ చట్టం ఒప్పుకుంది. ఈ సూత్రం మనిషితో ఆగిపోవాలా? ఒక జీవిని హద్దు దాటించడమే తప్పయినప్పుడు, పుట్టుకతోనే ఆ హద్దును కుదించి, ఊపిరి చాలని ఒళ్లిచ్చి, కేవలం మన కంటికి ముద్దుగా ఉంటుందని దాన్ని లోకంలోకి తేవడం ధర్మమెలా అవుతుంది? పగ్, బుల్‌డాగ్ వంటి జాతికుక్కల పెంపకం మన ముందుంచే ప్రశ్న ఇదే.

ముందు శరీరం సంగతి చూద్దాం. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక చాచి వగరుస్తూ, ముక్కులోనూ నోటిలోనూ ఉన్న తడిని ఆవిరి చేసుకుని అది ఒంటి వేడి తగ్గించుకుంటుంది. పొడవాటి ముక్కు దానికి వాసన చూసే అవయవమే కాదు, ఒంటిని చల్లబరిచే అవయవం కూడా. పగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో తరతరాల ఎంపికతో పుర్రె ముందుభాగం కురచైంది, లోపలి మెత్తటి కండ మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ముక్కురంధ్రాలు ఇరుకై, అంగిలి వెనుకభాగం గొంతుకు అడ్డం పడుతుంది. యజమాని మురిసిపోయే ఆ గురక నిజానికి సగం మూసుకున్న శ్వాసమార్గం చేసే చప్పుడు. అలాంటి కుక్క వగర్చడానికి పడే శ్రమే ఒంట్లో మరింత వేడి పుట్టిస్తుంది. మస్కట్ తీరంలో వేసవి గాలి నిండా తేమ ఉంటుంది గనక తడి ఆవిరి కావడమూ కష్టమే. శ్వాసతోనే బాధ ఆగదు. బ్రిటన్‌లో జాతికుక్కల కాన్పులపై 2010లో వెలువడిన అధ్యయనంలో బుల్‌డాగ్ కాన్పులు నూటికి ఎనభైకి పైగా సిజేరియన్లే. అక్కడి పగ్‌ల వంశవృక్షాలను పరిశీలించిన మరో పరిశోధన, దాదాపు పదివేల కుక్కలున్నా వాటిలోని జన్యు వైవిధ్యం సుమారు యాభై కుక్కలకు సరిపడేంతేనని 2008లో తేల్చింది.

ఇదంతా ప్రకృతి చేసిన పని కాదు. బ్రిటన్‌లో 1859లో న్యూకాసిల్ నగరంలో కుక్కల ప్రదర్శన జరిగింది, 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. జాతి రూపం ఎలా ఉండాలో కాగితం మీద రాసి, ఆ రాతకు దగ్గరగా ఉన్నదానికి బహుమతి ఇచ్చి, బహుమతి గెలిచినదాని సంతానాన్నే మళ్లీ మళ్లీ జత కట్టించే పద్ధతి అలా బలపడింది. అరేబియా ఎడారిలో సలూకీ కథ వేరు. ఎడారి సంచారులైన బదూలు కుందేలు వెంటా జింక వెంటా పరుగెత్తించిన ఆ వేటకుక్క సన్నటి నడుమూ లోతైన రొమ్మూ పొడవాటి ముక్కూ అందం కోసం వచ్చినవి కావు. పరుగెత్తలేనిదీ వేడికి తాళలేనిదీ వేటకు పనికిరాదు గనక ఆ వంశం సాగేది కాదు. ఆ పాత ఎంపిక దయతో చేసినదని నేను అనను, పనికిరాని కుక్క గతి ఎడారిలో కఠినంగానే ఉండి ఉంటుంది. అయినా ఒక తేడా ఉంది. అక్కడ మనిషి అవసరమూ కుక్క ఆరోగ్యమూ ఒకే దిశలో నడిచాయి. ప్రదర్శన మైదానంలో అవి విడిపోయాయి, కుక్క ఎంత బాధపడినా దాని విలువ తగ్గని పరిస్థితి వచ్చింది.

ఇస్లాం కుక్కను అశుచిగా చూస్తుంది కాబట్టి ఒమన్‌లో ఈ ధర్మవిచారణకు చోటెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. శుచి నియమం వేరు, దయ నియమం వేరు. వేటకు శిక్షణ ఇచ్చిన జంతువు పట్టితెచ్చినది తినవచ్చని ఖురాన్ ఐదో అధ్యాయం అనుమతిస్తుంది. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాగించిన మనిషిని దేవుడు క్షమించాడని బుఖారీ హదీసు సంకలనం చెబుతుంది. ఖురాన్ నాలుగో అధ్యాయంలో పశువుల చెవులు కోయించడం, దైవసృష్టిని మార్పించడం సైతాను పన్నాగాలుగా వస్తాయి. ఈ మార్పు అంటే మనిషి సహజ విశ్వాసాన్ని చెరపడమేనని అర్థం చెప్పిన వ్యాఖ్యాతలూ ఉన్నారు గనక, జాతుల పెంపకాన్నంతా ఆ ఒక్క వాక్యంతో నిషేధించలేం. కానీ జీవి శరీరం మన ఇష్టానికి మలుచుకునే సొత్తు కాదు, అప్పగింత అన్న భావం అక్కడ స్పష్టం. మన భారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవలోకపు కుక్క కథ ఉంది. యాగశాలకు వచ్చిన దాని బిడ్డను ఏ తప్పూ లేకుండా రాజు జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. దేవశుని అయిన సరమ వచ్చి రాజునే నిలదీసింది. నిరపరాధికి కలిగించిన బాధకు కారణం అడిగే హక్కు కుక్కకూ ఉందని ఆ కథ ఒప్పుకుంది. కొట్టిన దెబ్బకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు, జీవితాంతం మోయాల్సిన బాధను ఎముకల్లోనే అమర్చి ఇచ్చిన చేతులు జవాబు లేకుండా తప్పించుకోలేవు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం తత్వశాస్త్రానిది. ఆ పగ్‌ను అలా పుట్టించకపోతే అసలు అదే పుట్టేది కాదు. కష్టంతోనైనా దానికి బతుకు దక్కింది, తోక ఊపుతుంది, ప్రేమిస్తుంది, అలాంటప్పుడు దానికి జరిగిన అన్యాయం ఏమిటి? ఈ తర్కంలో రెండు లోపాలున్నాయి. పుట్టని కుక్క ఎక్కడో కూర్చుని తన వంతు కోసం ఎదురుచూడదు. దాన్ని పుట్టించకపోవడం వల్ల నష్టపోయేవారు లేరు, పుట్టించాక మాత్రం ప్రతి శ్వాసలోనూ నష్టపోయే జీవి ఒకటి ఉంది. రెండోది, ధర్మం ఆ కుక్క జాతకాన్ని మాత్రమే చూడదు, జత కట్టించే మనిషి సంకల్పాన్నీ చూస్తుంది. హాయిగా ఊపిరి పీల్చే పిల్లలను కనే జంటను ఎంచుకునే వీలుండీ, ఊపిరాడని పిల్లలు పుట్టే జంటను అమ్మకం కోసమో బహుమతి కోసమో ఎంచుకోవడం తెలిసి చేసిన పని. కుక్క సంతోషంగా కనబడటం ఆ కుక్క ఓర్పుకు సాక్ష్యం, పెంపకందారు నిర్దోషి అనడానికి కాదు.

మనిషి మార్చని పెంపుడు జంతువు ఏదని మరో అభ్యంతరం. నిజమే, ఒంగోలు గిత్త కూడా మనిషి ఎంపికే. ఆ ఎంపిక దానికి ఎండను తట్టుకునే ఒంటినిచ్చింది, అందుకే సముద్రాలు దాటి బ్రెజిల్ చేరి నెల్లూరు పేరుతోనే అక్కడ విస్తరించింది. అంటే తప్పు ఎంపికలో లేదు, ఎవరి మేలు కోసమన్న దాంట్లో ఉంది. ఒమన్‌లోనే మరో సాక్ష్యముంది. 1972లో సహజ ఆవాసంలో అంతరించిన అరేబియా ఓరిక్స్ జింకను, జూలలో పెంచిన మందల నుంచి తెచ్చి 1982లో జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో వదిలారు. కొద్ది జంతువుల నుంచి పెరిగిన ఆ మందలో దగ్గరి రక్తసంబంధంతో పుట్టిన దూడల మనుగడ దెబ్బతింటోందని పరిశోధకులు 2000లో రాశారు. ఇన్‌బ్రీడింగ్‌ను అక్కడ తప్పించుకోవలసిన ప్రమాదంగా చూస్తే, ప్రదర్శనల లోకం దాన్నే నాణ్యతకు ముద్రగా అమ్ముకుంది.

ఇక చట్టాల సంగతి. 2024 మార్చిలో భారత పశుసంవర్ధక శాఖ ఇరవైమూడు జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ సర్క్యులర్ ఇచ్చింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇలాంటి జాబితాలు మనిషికి కుక్క చేసే హానినే లెక్కిస్తాయి. కుక్కకు మనిషి చేసే హానికి కూడా అంతే శ్రద్ధ కావాలి. మన దేశంలో 2017 నాటి నియమాలు ఆడకుక్క చేత జీవితంలో ఐదుసార్లకు మించి పిల్లలు పెట్టించకూడదన్నాయి. కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతిలో పెంపకం సాగుతున్న తీరు జంతుసంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023లో నార్వే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జాతిని చక్కదిద్దడం అసాధ్యమేమీ కాదు. డాల్మేషియన్‌ను 1973లో ఒకసారి పాయింటర్‌తో కలిపి, ఆ తర్వాత తరాల్లో మూత్రంలో రాళ్లు కట్టించే యూరిక్ ఆమ్లపు దోషం లేని కుక్కలను సాధించారు. మచ్చలు పోలేదు, బాధ పోయింది.

అలాగని ఇప్పుడున్న పగ్‌లనూ బుల్‌డాగ్‌లనూ వీధిన వదలమని ఎవరూ అనకూడదు. వాటికి చల్లటి గది, వైద్యం, ఆప్యాయత మనం చెల్లించాల్సిన బాకీ. ఆపాల్సింది తర్వాతి తరం కొనుగోలును. మస్కట్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఎండాకాలం ఏసీ లేకుండా బతకలేని ఒంటిని డబ్బిచ్చి పుట్టించుకునే ప్రేమ, ప్రేమ కాదు. ప్రాణం పోయడంలో మనిషికి ఏ కొంచెం పాత్ర దక్కినా దానితోపాటే జవాబుదారీ కూడా దక్కుతుంది. పుట్టించే జీవికి ముందుగా సుఖంగా ఊపిరి తీసుకునే ఒంటిని ఇవ్వాలి, మన కంటి ముచ్చట ఆ తర్వాతే.