తుపాకి గొట్టం పొడవు

ఒక వస్తువును దాని అందం కోసమే ప్రేమించవచ్చునా? లేక అది ఎందుకోసం పుట్టిందో, ఎవరి చేతుల్లో పుట్టిందో కూడా ఆ ప్రేమలో లెక్కకు రావాలా? ప్రశ్న పాతదే. ప్రబంధాలను గురించీ, గుడి శిల్పాలను గురించీ మనవాళ్లు దీనిమీద చాలా వాదించుకొన్నారు. ఈమారు అది నా మీదికి ఒక తుపాకి రూపంలో వచ్చింది.

నాతో కాలేజీలో చదువుకొన్న మిత్రుడొకడు పదేళ్లుగా అమెరికాలో వుంటున్నాడు. ఇంజనీరు. పక్షిని కొట్టడం మాట అటుంచి, కోడిని కోస్తుంటేనే చూడలేని మనిషి. అటువంటివాడికి పాత జంటగొట్టాల తుపాకులు సేకరించే వ్యసనం పట్టింది. అందులోనూ గొట్టాలు మామూలు కంటె బాగా పొడుగున్నవే కావాలి. వేట తుపాకికి 28 అంగుళాలో 30 అంగుళాలో సాధారణమైన పొడవు. 34 అంగుళాలది ఎక్కడైనా వుందని తెలిస్తే వాడికి నిద్రపట్టదు. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు ఫోటోలు చూపించాడు. నేను నాలుగు మాటలు ఎత్తిపొడిచాను.

"ఒరే, రాయలిచ్చిన అగ్రహారాలు అనుభవించిన పెద్దన పద్యం చదివి నువ్వు పరవశిస్తే అది రసికత, ఇనుము మీద పువ్వులు పూయించిన పనితనం చూచి నేను పరవశిస్తే పాపమా? ఆ రాజ్యం లేదు. ఈ తుపాకిని నేను పేల్చను. రెండింటిలోనూ మిగిలింది అందమేగా!" అన్నాడు.

నాకు ఆ పూట జవాబు తట్టలేదు. మనుచరిత్ర నేను ఏటా పాఠం చెబుతాను, ఇష్టంగానే చెబుతాను.

ముందు ఆ పొడవు సంగతి చూద్దాం. 19వ శతాబ్దంలో చాలాకాలం వాడిన నల్లమందు నిదానంగా మండుతుంది. ఆ పొగ సీసపు గుళ్లను పూర్తి బలంతో నెట్టాలంటే గొట్టం తగినంత పొడుగుండాలి. అంతకంటె పొడుగుంటే దెబ్బ ఇంకా దూరం పోతుందని వేటగాళ్ల విశ్వాసం. అందులో నిజం కొంత, నమ్మకం చాలా. బురదమడుగుల్లో, సముద్రపు కయ్యల్లో వాలే బాతులు మనిషిని దగ్గరికి రానివ్వవు గనుక అక్కడికి పొడుగాటి, బరువైన తుపాకులు తయారయ్యాయి. ఆ శతాబ్దం చివర పొగలేని మందు వచ్చింది. పొడవుతో పని తగ్గింది. 1920ల నాటికి లండనులో రాబర్ట్ చర్చిల్ అనే తుపాకుల వ్యాపారి 25 అంగుళాల గొట్టాలే మేలని ప్రచారం చేశాడు. పాత పొడుగు గొట్టాలు చాలావాటిని రంపంతో కోసి పొట్టి చేశారు. అంచేతనే కోయనివాటికి ఇవాళ అంత గిరాకీ. అసలు పొడవుతో వున్న జంట గొట్టాలు మూతి దగ్గర ఒకదాన్నొకటి ఆనుకొని వుంటాయి. కోసినవాటి మధ్య సందు కనబడుతుంది. మా వాడు ఏ తుపాకి చూచినా మొదట మూతి చూస్తాడు.

ఆ దూరపు దెబ్బ ఎవరికి కావలసి వచ్చింది? సరదా వేటకు వెళ్లిన ఇంగ్లీషు దొరకూ కావాలి, బాతులను అమ్ముకొని బతికిన పేదవాడికీ కావాలి. అమెరికాలో రైళ్లు, మంచుగడ్డల పెట్టెలు వచ్చిన తరువాత మడుగులోని పక్షి నగరపు హోటలు బల్లమీది సరుకయింది. కోట్లకొద్దీ ఎగిరిన పాసెంజర్ పావురాలలో చివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో చచ్చిపోయింది. ఆ నేరమంతా తుపాకిదే అనను. వలలూ వున్నాయి, అడవులు నరికినవాళ్లూ వున్నారు. అన్నిటికీ వెనుక అంగడి వుంది. వలస పక్షుల అమ్మకాన్ని అరికట్టే చట్టం 1918లో గాని రాలేదు.

సౌందర్యాన్ని ప్రయోజనం నుంచి విడదీసి చూడాలనేవాళ్లు కాంటును సాక్షికి పిలుస్తారు. కాని 1790 నాటి ఆ గ్రంథంలోనే ఆయన సౌందర్యాన్ని రెండు విధాలుగా చెప్పాడు: వస్తువు ఏమిటో తెలియనక్కరలేకుండా తోచేది ఒకటి, అది ఎందుకోసమైనదో తెలిస్తేనే నిలిచేది మరొకటి. పువ్వు మొదటి తరగతి. తుపాకిని ఆ తరగతిలో ఎలా చేరుస్తాం? మా వాడు పరవశించే ఆ పొడవే మందును గురించీ, మడుగును గురించీ, అంగడిని గురించీ చెబుతున్నది. అవి తీసేస్తే మిగిలేది ఇనుప గొట్టం.

ఇంకొక సంగతి. ఈ గొట్టాలలో మేలైనవాటిని ఇనుమూ ఉక్కూ కలిసిన కడ్డీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాచి సమ్మెటతో అతికించి చేసేవారు. పువ్వుల్లాగా కనబడేది ఆ మెలికే. బర్మింగ్‌హాంలో కాచేవాడు వేరు, తొలిచేవాడు వేరు, సానబట్టేవాడు వేరు, కర్ర చెక్కేవాడు వేరు. ఇందరి పనిమీద అమ్మేవాడి పేరు మాత్రం పైన, గొట్టాల నడిమి పట్టీమీద అందంగా చెక్కి వుంటుంది. గొట్టం చేసినవాడి పొడి అక్షరాలు ఎప్పుడైనా కొట్టి వుంటే అవి అడుగున, చేతికర్ర కప్పేచోట వుంటాయి.

మా వాడి దగ్గర కలకత్తా రోడ్డా కంపెనీ పేరున్నది కూడా ఒకటి వుంది. పొడవు మామూలే, పేరుకోసం కొన్నాడు. 1878 ఆయుధాల చట్టం మనవాళ్లను లైసెన్సుకు కట్టి, తెల్లవాళ్లకు మినహాయింపులిచ్చింది. ఆ రోజుల్లో అటువంటి దుకాణం ఎవరికోసం తెరిచివుందో వేరే చెప్పాలా? 1914 ఆగస్టు 26న ఆ రోడ్డా సరుకులోనుంచే బెంగాలు విప్లవకారులు 50 మౌజరు పిస్తోళ్లూ, 46,000 తూటాలూ బండిమీద తరలించుకుపోయారు. మా వాడికి ఆ సంగతి తెలియదు. పట్టీ పొడవు మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతు వరకూ చెప్పగలడు. 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైన తుపాకిని ఆయుధం కింద లెక్కవేయనక్కరలేదని 1968 నాటి అమెరికా చట్టం అంటుంది. ఒక తేదీతో వస్తువు గతమంతా కడిగివేయబడుతుందన్న ఊహ మా వాడికి అక్కడే అబ్బిందేమో.

ఇంతమాత్రాన ఆ తుపాకులను కరిగించమనే మిత్రులతో నేను ఏకీభవించను. ఆ మెలిక కొలిమి దగ్గర చెమటోడ్చినవాడి తెలివి. అది వాడికి మిగిలిన ఒకే ఆస్తి. పొడవు కొలిచి, పేరు చదివి, తక్కినదంతా రంపంతో కోసేసినట్టు వదిలేసే చూపుతోనే నాకు పేచీ. మా వాడు గొట్టాన్ని కోయనివ్వడు గాని దాని కథను కోస్తున్నాడు.

ఇదంతా వాడికి ఉత్తరం వ్రాశాను. చేతికర్ర విప్పి అడుగున ఏముందో చూడమన్నాను. రెండక్షరాలున్నాయనీ, ఎవరివో ఏ పుస్తకంలోనూ దొరకలేదనీ, వెతుకుతున్నాననీ జవాబు వచ్చింది. కిందనే మరొక వాక్యం: "మీ పెద్దన అగ్రహారంలో దుక్కి దున్నినవాడివి రెండక్షరాలైనా నీకు దొరికితే నాకు వ్రాయి."

సోమవారం నుంచి ప్రథమాశ్వాసం మొదలుపెట్టాలి. ఆ ఉత్తరానికి నేనింకా జవాబు వ్రాయలేదు.